నిండని గుంట

మా ఆయన తవ్వించిన పేడ గుంట ఎప్పుడూ నిండదు. పాల సెంటరు దగ్గర నలుగురు చేరితే చాలు, ఆ గొప్ప చెప్పుకోకుండా ఆయన ఇంటికి రాడు. "మీరంతా ట్రాక్టరు పిలిపించి గుంటలు తోడించుకుంటూ చస్తున్నారు. నాది చూడండి, ఎంత పోసినా తాగేస్తుంది!" అంటాడు. వినేవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టుకుని వింటారు. గుంట తాగింది ఎటు పోతోందని అడిగిన మగాడు ఒక్కడూ లేడు. ఇక ఆడవాళ్ళం, మమ్మల్ని అడిగేదెవరు, మేం అడిగితే వినేదెవరు!

మాది పాడి మీద బతికే ఇల్లు. కొండవాలు మీద ఎగువన గొడ్ల షెడ్డు, దాని పక్కన ఆ గుంట, కాస్త కిందికి మా ఇల్లు, ఇంటి వాకిట్లో బావి. ఇంకా దిగువన ఒక చిన్న వీధి ఉంది. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, నేను, మా మరిది, అతని పెళ్ళాం. పాలు పితకడం నాదీ మా ఆయనదీ. వ్యాను నడపడం మరిది పని. మా ఆయన్ని సెంటరులో అందరూ 'లీటరు' అని పిలుస్తారు. చొక్కా కొన్నా, మందు కొన్నా, అది ఎన్ని లీటర్ల పాలకి సమానమో చెప్పందే ఆయనకి తోచదు. పెళ్ళయిన కొత్తలో నన్ను ఎన్ని లీటర్లకి లెక్కగట్టాడో నేనింతవరకూ అడగలేదు.

మొదట్లో మాకు ఆవులు తక్కువ, పాలకి ధర ఎక్కువ. పేడ మా పొలానికే సరిపోయేది. తర్వాత ధర పడింది. పడితే ఏం చేయాలి? పాలు పెంచాలి అన్నాడు మా ఆయన, ఆవుల్ని కొన్నాడు. చుట్టుపక్కల పాడి ఉన్న ప్రతివాడికీ అదే బుద్ధి పుట్టింది. పాలు వరదైపోయి ధర ఇంకా కిందికి దిగింది. మళ్ళీ కొన్నారు, మళ్ళీ దిగింది. గానుగెద్దు ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటుంది కదా, మాదీ అదే బతుకు. ఆవులు పెరిగాయి గానీ పొలం పెరగలేదు. పేడంతా ఆ కాస్త నేల మీద పోస్తే పైరు మాడిపోతోంది. అందుకే గుంట తవ్వించాడు.

తవ్వినరోజు మేస్త్రీ చెప్పనే చెప్పాడు. "అడుగున సిమెంటు వేయించండయ్యా. ఇది గులకనేల, తడి నిలవదు."

"నిలవకపోతే మనకి మంచిదేగా! సిమెంటు ఎన్ని లీటర్లు మింగుతుందో తెలుసా నీకు?" అన్నాడు మా ఆయన.

మేస్త్రీ తలగోక్కుని కూలి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆరోజు ఆ మాట ఎవరికీ చెవికెక్కలేదు.

ఇక మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిణ్ణి వీధిలో 'పొయ్యి మామ్మ' అంటారు. పుట్టింట్లోనూ పాడే, మెట్టినింట్లోనూ పాడే, చిన్నప్పటి నుంచీ పాలు కాస్తూనే ఉంది. పచ్చిపాలు పాడవుతాయి, కాచిన పాలు నిలుస్తాయి. ఈ ఒక్క ముక్కతో ఆవిడ లోకమంతా గెలిచేసింది. జబ్బు చేసినవాడి గ్లాసు కాస్తుంది, దుప్పటి కాస్తుంది, తాగే నీళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. "పొంగు రానివ్వవే, దాని పీడ అదే పోతుంది" అంటుంది. నేను నవ్వేదాన్ని. నవ్వినా, ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరికీ కడుపునొప్పి అన్నది రాకపోవడం చూసి నమ్మేదాన్ని కూడా.

పోయిన వానాకాలం కొండమీది నుంచి నీళ్ళు తెగ దిగాయి. బావి అంచుదాకా వచ్చింది. నీళ్ళు తేటగా, అడుగున రాయి కనిపించేలా ఉన్నాయి. ఆ వానల్లోనే మా ఎర్రావు పోయింది. షెడ్డు మొత్తానికీ పాలలో మేటి అది. పొద్దున దాణా తిని, తొట్టిలో బావి నీళ్ళు తాగి, ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. నాలుక బయటపెట్టి గాలికోసం ఎగపోసింది. పశువుల డాక్టరు వచ్చేసరికి కూలబడింది. ఆవు పై పెదవి ఎత్తి పట్టుకోమని ఆయనంటే నేనే పట్టుకున్నాను. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్ళు బురదరంగులో ఉన్నాయి. సూది గుచ్చి రక్తం లాగాడు. అది ఎర్రగా లేదు. తుప్పునీళ్ళలా ఉంది. అలాంటి రక్తం నేను నా జన్మలో చూడలేదు.

డాక్టరు తొట్టి వైపు చూశాడు, గుంట వైపు చూశాడు, వంగి బావి వైపు చూశాడు. "ఈ నీళ్ళు గొడ్లకి మాన్పించండి. ఇవాళే, ఇప్పుడే. కాస్త సీసాలో పట్టి పరీక్షకి పంపండి" అన్నాడు. తర్వాత, "మీరు తాగేది కూడా ఇవేనా?" అని అడిగాడు.

"కాచకుండా చుక్క గొంతు దిగదు నాయనా మా ఇంట్లో" అంది అత్తగారు, గర్వంగానే.

ఆయన ఏదో చెప్పబోయాడు. ఇంతలో ఫోను మోగింది, ఎక్కడో దూడ అడ్డం తిరిగిందట. బండి తన్ని వెళ్ళిపోయాడు. ఆ మాట పూర్తిచేసి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

పరీక్షకి పంపుదామని నేనంటే మా ఆయన గయ్యిమన్నాడు. "పంపితే సెంటరు వాళ్ళకి తెలీకుండా ఉంటుందా? మన క్యాన్లు కడిగేది ఆ నీళ్ళతోనే. రేపట్నుంచి మన పాలు దించుకోరు. షెడ్డు నిండా ఉన్న ఆవుల్ని ఏం చేద్దాం, మెళ్ళో కట్టుకు తిరుగుదామా?" సాయంత్రానికల్లా కాలువ నుంచి షెడ్డుకి పైపు వేయించాడు. గొడ్లన్నీ కాలువ నీళ్ళు తాగాయి, కుదుటపడ్డాయి. కాలువ నీళ్ళు బురదబురదగా ఉంటాయి, అత్తగారు వాటిని కాలికి కూడా తగలనివ్వదు. కాబట్టి మనుషులకి మాత్రం బావే. మా తెలివి చూశారా! మూగజీవాలు కాచుకు తాగలేవు, వాటికి ప్రమాదం. మాకు పొయ్యి ఉంది, మాకేం భయం లేదు. ఇల్లంతా అలాగే అనుకున్నాం. దిగువ వీధికి ఒక ముక్క చెప్పాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

చలి మొదలయ్యాక నా తోడికోడలు పాపని కంది. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, ఆ పిల్లంటే నాకు ప్రాణం. నాకు పిల్లలు లేరు. ఆసుపత్రి నుంచి వచ్చినరోజే పాపని నా ఒళ్ళో పడేసి, "అక్కా, ఇది నీకూ కూతురే, రాత్రి ఏడిస్తే నువ్వే లే" అంది. దొంగపిల్ల! పాపని చిట్టి అని పిలిచేవాళ్ళం. పిడికెడంత మొహంలో రెండు పెద్ద కళ్ళు, వాటితో ఇల్లంతా ఏలేది.

కాన్పయ్యాక తల్లికి జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. క్యాన్లకి క్యాన్లు పాలు వెళ్ళే ఇంట్లో పసిదానికి పాలు లేవు. పశువుల పాలు అప్పుడే పట్టకూడదు, డబ్బా పాలపొడి నీళ్ళలో కలిపి పట్టండి అంది ఆసుపత్రి నర్సు. "పాడి ఇంట్లో డబ్బా పాలా, నవ్విపోతారే!" అని అత్తగారు రెండురోజులు మూతి ముడుచుకుంది. మూడోరోజు నుంచి ఆ సీసా బాధ్యత తనే నెత్తినేసుకుంది. పాప నీళ్ళకని వేరే గిన్నె, వేరే మూత, వేరే గుడ్డ. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పాపం, ఆవిడ అంత శ్రద్ధగా ఏ పనీ చేయగా నేను చూడలేదు.

మొదట పాప ఏడుపు తగ్గింది. మంచి పిల్ల, బుద్ధిమంతురాలు అని మురిసిపోయాం. తర్వాత సీసా సగంలోనే వదిలేసి నిద్రపోవడం మొదలుపెట్టింది. గోళ్ళు నీలంగా ఉన్నాయేమిటక్కా అని తోడికోడలు అడిగితే, "చలి కదే, తొడుగులు వెయ్యి" అంది అత్తగారు. తొడుగులు వేశాం. పెదాలు బూడిదరంగుకి తిరిగాయి. దుప్పటి కప్పాం. విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు అత్తగారికి అనుమానం వచ్చింది.

"నీళ్ళు సరిగ్గా కాగడం లేదేమోనే" అంది.

ఆరోజు నుంచి గిన్నె పొయ్యి దిగలేదు. పొంగు వచ్చినా దించదు, నీళ్ళు సగానికి ఇంకేదాకా కాస్తుంది. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది. "చూశావా, చెడంతా ఎలా బయటికొచ్చిందో" అని దాన్ని గీకి నాకు చూపించేది. పాప రోజురోజుకీ సోలిపోతోంది. అది సోలిపోయేకొద్దీ ఆవిడ ఇంకాస్త కాస్తోంది. వంటింటి కిటికీ అద్దాలు ఎప్పుడూ ఆవిరి పట్టే ఉండేవి. నాకు ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు, ఎందుకో చెప్పలేను. ఆసుపత్రికి వెళ్దాం అంటే, "పిల్లకి చలి చేసిందని ఆసుపత్రికి పరిగెత్తుతారా ఎవరైనా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాడు మా ఆయన.

ఆరోజు పొద్దున పాలు పితికి, క్యాన్లు వ్యానెక్కించి, చేతులు కడుక్కుని లోపలికొచ్చాను. అత్తగారు అప్పుడే సీసా పట్టింది. పాపని అందుకున్నాను. మెడ వాలిపోయింది. మొహం పలకరంగులో ఉంది. ఊపిరి కోసం ఎగపోస్తోంది. నాకు తెలియకుండానే నా బొటనవేలు దాని పై పెదవి ఎత్తింది. చిగుళ్ళు బురదరంగులో ఉన్నాయి.

"ఎర్రావు!" అని అరిచాను. "ఇది ఎర్రావుకి వచ్చిందే! పదండి, పదండి!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అయినా అందరూ వ్యానెక్కారు. మరిదికి వ్యాను తాళం పడటం లేదు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగాడు. "సెంటరు దారిలోనే కదా. క్యాన్లు దింపేసి పోదాం, రెండు నిమిషాలు కూడా పట్టదు. ఎండెక్కితే విరిగిపోతాయి."

"దింపండి! మీ లీటర్లు దింపుకోండి. వచ్చేటప్పుడు పిల్లని కూడా దింపుకొద్దాం, గోతిలోకి!"

"నోరు ముయ్యవే, ఏం మాటలవి!" అంది అత్తగారు ఏడుస్తూ.

సెంటరు రానే వచ్చింది, మరిది హారను మీద చెయ్యి తీయకుండా వ్యానుని దాటించేశాడు. మూతలు ఊడి పాలు మా కాళ్ళ మీద పొర్లాయి. మా ఆయన వెనక్కి తిరిగి ఆ సెంటరు కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు. అంత కోపంలోనూ ఆ చూపుకి నాకు భయమేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నవయసుది. సూది గుచ్చి రక్తం తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని, అలాగే నిలబడిపోయింది. అదే తుప్పురంగు. ఆమె వెనక్కి తిరిగి, "పాలపొడి ఏ నీళ్ళలో కలుపుతున్నారు?" అంది.

"మా బావి నీళ్ళమ్మా. సగానికి ఇంకేదాకా కాచి మరీ పడుతున్నాను" అంది అత్తగారు.

డాక్టరమ్మ ఒక్కక్షణం కళ్ళు మూసుకుంది. నర్సుని పిలిచి ఏదో మందు ఎక్కించమంది. నీలిసిరా లాంటి మందు సన్నటి గొట్టంలోంచి దిగడం చూస్తూ నిలబడ్డాం. అప్పుడు మెల్లగా చెప్పింది. "పేడలోంచి నేలలోకి దిగి నీళ్ళలో కలిసేది ఒకటుంటుందమ్మా. అది చేరితే పసిపిల్లల రక్తం గాలిని మొయ్యలేదు. అది పురుగు కాదు, కాస్తే చావడానికి. ఉప్పులాంటిది. ఉప్పునీళ్ళు కాస్తే ఏమవుతుంది? నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతుంది. ఎంత కాస్తే అంత చిక్కబడుతుంది."

అత్తగారు గోడకి జారగిలబడి నేల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. నా తోడికోడలు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. నేనైతే ఆ పని చేయగలిగేదాన్ని కాదు.

కాసేపటికి పాప పెదాల మీద రంగు తిరిగింది. గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే మా మరిది తలుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. హమ్మయ్య, బతికించింది తల్లి! నేను డాక్టరమ్మ చేతులు పట్టుకున్నాను. ఆమె నవ్వలేదు.

"మీ వైపు నుంచే పోయిన నెల ఒక బాబుని తీసుకొచ్చారు. అచ్చం ఇలాగే ఉన్నాడు. తెచ్చేసరికే అయిపోయింది, రక్తం తీయడానికి కూడా వీల్లేకపోయింది. గుండెలో లోపం అనుకుని రాసేశాం." మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. "వాళ్ళు తాగేది కూడా మీ బావి నీళ్ళేనా?"

"కాదండీ. వాళ్ళ వీధికి వేరే బోరుంది" అన్నాడు మా ఆయన టక్కున.

అబద్ధం కాదు, వేరే బోరే. మా గుంటకి దిగువన ఉంది.

ఆ బాబు ఎవరో మాకు తెలుసు. దిగువ వీధి టైలరమ్మ కొడుకు, వాడూ డబ్బా పాలవాడే. పోయాడని విని అయ్యో అనుకున్నాం. నెలలు నిండేదాకా కుట్టుమిషను తొక్కింది, అందుకే బిడ్డ గుండె దెబ్బతింది అని ఆమె అత్తింటివాళ్ళు వీధంతా చాటారు. మొగుడు కూడా అదే నమ్మి, పలకడం మానేశాడట. ఆ మాటలు విన్నప్పుడు, "నిజమే అయుండొచ్చు, మిషను దడదడలు కడుపుకి తగలవూ!" అన్నది మా అత్తగారే. పక్కన ఉండి తలూపింది నేను.

ఆ మధ్యాహ్నం పాపని, తల్లిని ఆసుపత్రిలోనే ఉంచి మేం ఇంటికొచ్చాం. తోడు కోసం మరిది అక్కడే ఉండిపోయాడు. బయల్దేరేముందు నా తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆమెకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది. పచ్చి బాలింత, నిలబడితే తూలుతోంది. "నేనే చెప్తాలే, నువ్వు పడుకో" అన్నాను.

ఇంటికి చేరగానే మా ఆయన తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించాడు. "ఇకనుంచి ఇంట్లోకి డబ్బా నీళ్ళు తెప్పిస్తా. గుంటకి సిమెంటు కూడా వేయిస్తా, ధర కాస్త పెరగనీ. నువ్వు మాత్రం నోరు జారకు. దిగువ వీధికి తెలిస్తే సెంటరుకి తెలిసినట్టే. షెడ్డు మూసుకోవాలి. అందరం రోడ్డున పడతాం."

"ఆ వీధిలో ఇంకెవరైనా కనబోతే?"

"ఎవరూ లేరు. నేను కనుక్కున్నా."

కనుక్కున్నాడట! ఆసుపత్రిలో పాప ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, ఈయన వరండాలోకి వెళ్ళి ఫోనులో మాట్లాడింది ఆ సంగతా? నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుని ఉంది.

సాయంత్రం పాలు పితికే వేళ. షెడ్డులో ఆవులు పొదుగులు బరువెక్కి అరుస్తున్నాయి. నేను బిందె కింద పెట్టి వాకిట్లోకి నడిచాను. మా ఆయన అడ్డమొచ్చి నిలబడ్డాడు. "గడప దాటావంటే మళ్ళీ ఈ ఇంట్లోకి రావు" అన్నాడు. "ఏ ఇల్లు, ఈ ఇల్లా?" అని ఆయన్ని పక్కకి నెట్టి వెళ్ళాను. ఆవుల అరుపులు వీధి దాకా నా వెంటే వచ్చాయి.

టైలరమ్మ గది చిన్నది. గోడకి ఆనుకుని మిషను, దాని మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారం, నేల మీద కత్తిరించిన పేలికలు. ఆమె నన్ను చూసి కంగారుగా లేచింది. మా ఇంటి నుంచి ఎవరూ ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు. "రండక్కా, కూర్చోండి" అని స్టూలు తుడిచింది. లోపలికెళ్ళి గ్లాసుతో బోరు నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "మీ పాపకి ఒంట్లో బాలేదంట కదా, ఎలా ఉంది?" అని అడిగింది. తన బిడ్డ పోయి నెలైనా తిరగలేదు, మా బిడ్డ సంగతి అడుగుతోంది.

"బతికింది" అన్నాను. ఇక ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. గుంట సంగతి, కాచేకొద్దీ చిక్కబడే ఆ నీళ్ళ సంగతి, ఆ తుప్పురంగు రక్తం. "నీ మిషను వల్ల కాదమ్మా. నీ ఒంట్లో లోపం కాదు. నీ బిడ్డ గుండె బాగానే ఉంది. మా పేడ నీ బోరులోకి దిగింది. డాక్టరమ్మ దగ్గరికి నాతో రా, మీ ఆయన్నీ తీసుకురా, ఆవిడ చేతే చెప్పిస్తాను. వీధిలో అందరికీ చెప్తాను. ముందు నీకు చెప్పాలని వచ్చాను."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. యూనిఫారం చొక్కా మీద చెయ్యి వేసి, కుట్టు తిన్నగా ఉందో లేదో చూస్తున్నట్టు వేలితో ఆ కొసదాకా తడిమింది.

"మీ గొడ్లు కూడా ఆ బావి నీళ్ళే తాగుతాయా?" అంది.

"లేదు. వాటికి మాన్పించాం. కాలువ నుంచి పైపు వేయించాం."

"ఎప్పుడు?"

ఒక్క అబద్ధం. డాక్టరమ్మ చెప్పాకే, ఇవాళే అంటే సరిపోయేది. అది నోటి చివరదాకా వచ్చింది కూడా.

"వానాకాలంలో" అన్నాను. "నీ బాబు పుట్టకముందే."

ఆమె తలెత్తి నన్ను చూసింది. తర్వాత చెయ్యి చాచి, నేను ముట్టని గ్లాసుని నా వైపు జరిపింది.

"తాగండి" అంది. "కాచిన నీళ్ళే."

ఆమె చూస్తుండగా ఆ గ్లాసు అడుగుదాకా తాగాను. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని, లోపలికెళ్ళి, మళ్ళీ నింపుకొచ్చి నా ముందు పెట్టింది.